తొలి పెట్టుబడి ఎలా మొదలుపెట్టాలి: మా మేనల్లుడి కోసం వేసిన ‘రూపాయి వడ్డీ’ లెక్క

మా మేనల్లుడు పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. కటింగులన్నీ పోను చేతికి 28,000 వస్తుంది. మొన్నొక ఆదివారం గాజువాకలో మా ఇంటికి భోజనానికి వచ్చి, ఇంకా పప్పు కలుపుకోకముందే అడిగాడు: “మావయ్యా, నెలకి ఏడెనిమిది వేలు మిగుల్తున్నాయి. ఎందులో పెట్టమంటావు?”

“ముందు తిను. నిజంగా మిగుల్తున్నాయో లేదో తర్వాత చూద్దాం” అన్నాను.

చెయ్యి కడుక్కున్నాక ఇద్దరం కూర్చుని వాడి బ్యాంకు యాప్ తెరిచాం. గత ఆరు నెలల్లో నెలాఖరుకు మిగిలింది వరసగా ఇదీ: 6,200, 900, 7,400, సున్నా, 5,100, 3,300. సగటు తీస్తే 3,800. ఏడెనిమిది వేలు మిగిలిన నెల ఒక్కటే ఉంది, వాడికి గుర్తున్నదీ అదొక్కటే. సున్నా నెలలో స్నేహితుడి పెళ్లి, బండి రిపేరు కలిసొచ్చాయి.

ఆ రోజు సాయంత్రం దాకా కూర్చుని ఒక తెల్ల కాగితం మీద వేసుకున్న లెక్కనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పదిహేనేళ్లుగా నేను చేసినవి, పక్కవాళ్లు చేస్తుంటే చూసినవి తలచుకుంటే నాకు ఒకటే కనిపిస్తుంది. మనవాళ్లు తప్పు పథకం ఎంచుకుని పోగొట్టుకున్నదాని కంటే, మంచిదాంట్లో పెట్టి మధ్యలో పీకేసి పోగొట్టుకున్నదే ఎక్కువ. అందుకే ఇందులో సగం అడుగులు పెట్టుబడి గురించి ఉండవు. పెట్టినదాన్ని కదిపే అవసరం రాకుండా చూసుకోవడం గురించి ఉంటాయి.

అన్నిటికంటే ముందు: వడ్డీని రూపాయల్లో కొలవండి

బ్యాంకువాళ్లు, ఫండ్ వాళ్లు శాతాల్లో మాట్లాడతారు. మన ఇళ్లలో మాత్రం “నూటికి రెండు రూపాయల వడ్డీ” అంటేనే అర్థమవుతుంది. నెలకు వందకు ఎంత అనేది ఆ లెక్క. ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే చాలు, ఏ పథకమైనా మన భాషలోకి వచ్చేస్తుంది.

పెద్ద బ్యాంకుల సేవింగ్స్ ఖాతా రెండున్నర శాతం, అంటే 20 పైసల వడ్డీ. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆరున్నర శాతం అనుకుంటే 54 పైసలు. పీపీఎఫ్, అంటే ప్రభుత్వం నడిపే పదిహేనేళ్ల పొదుపు ఖాతా, 7.1 శాతం, 59 పైసలు. ఏడాదికి 12 శాతం అంటే సరిగ్గా రూపాయి వడ్డీ. షేర్ మార్కెట్ గురించి మాట్లాడేవాళ్లంతా దీర్ఘకాలంలో ఆశించేది ఈ రూపాయి చుట్టుపక్కలే, అదీ గ్యారంటీ లేకుండా. క్రెడిట్ కార్డు బకాయి మీద 42 శాతం దాకా వేస్తారు, అంటే మూడున్నర రూపాయలు.

ఈ కొలత చేతిలో ఉంటే చాలా మాటలు వాటంతట అవే తేలిపోతాయి. మా వాడి విషయంలో మొదట తేలింది ఏమిటంటే, సేవింగ్స్ ఖాతాలో 23,000 పడి ఉన్నాయి, క్రెడిట్ కార్డులో 18,000 బకాయి ‘మినిమమ్ డ్యూ’ కడుతూ తిరుగుతోంది. ఖాతాలో డబ్బుకు నెలకు 48 రూపాయలు వస్తోంది, కార్డుకు నెలకు 630 రూపాయలు పోతోంది. “ఇరవై పైసలకి బ్యాంకుకి అప్పిచ్చి, మూడున్నర రూపాయలకి అదే బ్యాంకు దగ్గర అప్పు తెచ్చుకున్నావురా” అంటే కాసేపు మాట్లాడలేదు. అక్కడే కూర్చుని 18,000 కట్టేశాడు. ఆ రోజు వాడికి అంతకు మించిన పెట్టుబడి ఎక్కడా దొరకదు.

మీరూ ముందు ఇదే చూడండి. రూపాయి వడ్డీ దాటిన అప్పు ఏదున్నా, అంటే కార్డు, లోన్ యాప్, బయటి వడ్డీ అప్పు, ముందు అది తీరాలి. ఇంటి లోన్ అలాంటిది కాదు, దాన్ని పక్కన నడవనివ్వచ్చు. ఇంట్లో బంగారం ఉండి బయట రెండు రూపాయల వడ్డీకి అప్పుంటే, బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని ఆ అప్పు తీర్చేయడం చాలాసార్లు మేలు. బ్యాంకు దగ్గర అది రూపాయి లోపే ఉంటుంది.

హుద్‌హుద్ డబ్బు

హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబర్ 12ని విశాఖలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. గాలి ఆగాక అసలు కథ మొదలైంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పని చెయ్యలేదు. పాల ప్యాకెట్‌కీ మంచినీళ్ల క్యాన్‌కీ అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాం. మా ఎదురింటాయనకు డిపాజిట్లు బాగానే ఉన్నాయి, జేబులో మాత్రం నూట ఇరవై రూపాయలున్నాయి. ఆ నాలుగు రోజులూ మా ఆవిడ పోపుల డబ్బాలో దాచిన డబ్బే రెండిళ్లకూ సరిపెట్టాం.

అప్పటి నుంచి నేను అత్యవసర నిధిని ‘హుద్‌హుద్ డబ్బు’ అంటాను. ఇది మూడు చోట్ల ఉండాలి. ఇంట్లో నాలుగైదు వేల నగదు, ఆపద సీజన్ అక్టోబర్, నవంబర్‌లో మరికాస్త. ఖాతాలో ఒక నెల ఖర్చు. మిగతాది ఎప్పుడంటే అప్పుడు తీయగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో గానీ, మిగులు డబ్బు దానంతట అదే డిపాజిట్‌లోకి వెళ్లే ఆటో స్వీప్ సదుపాయం ఉన్న ఖాతాలో గానీ. మొత్తం ఎంత అనేది మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. పెళ్లికాని కుర్రాడికి మూడు నెలల ఖర్చు చాలు, పిల్లలున్న ఇంటికి ఆరు నెలలు కావాలి. కాంట్రాక్టు ఉద్యోగమైతే ఆరు నెలలకు తగ్గొద్దు. స్టీల్ ప్లాంట్ చుట్టూ ఉన్న పనుల్లో చేసేవాళ్లకు ఆ మాట నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

మా వాడికి నెలకు తప్పనిసరి ఖర్చు 21,000. మూడు నెలలకు 63,000. నెలకు 6,000 చొప్పున పక్కన పెడితే పదకొండు నెలల్లోపే పూర్తవుతుంది. “అంటే ఏడాది దాకా ఇన్వెస్ట్‌మెంటే లేదా?” అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. అందుకని ఒక చిన్న సడలింపు ఇచ్చాను. నెలకు 500తో ఒక సిప్, అంటే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే వాయిదా, ఇప్పుడే మొదలుపెట్టమన్నాను. అది సంపాదన కోసం కాదు, ఆ కాగితాలూ ఆ యాప్‌లూ ఆ హెచ్చుతగ్గులూ అలవాటు కావడానికి.

ఇక సగటున 3,800 మిగిలే వాడు 6,000 ఎలా పక్కన పెడతాడంటే, మిగిలాక దాచడం మానేసి, దాచాక ఖర్చు పెట్టడమే. జీతం పడే ఖాతా వేరు, దాచే ఖాతా వేరు. ఒకటో తారీఖున జీతం పడితే రెండో తారీఖున 6,000 వాటంతట అవే రెండో ఖాతాలోకి పోయేలా ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టించాను. ఆ రెండో ఖాతాకు ఫోన్‌లో యూపీఐ లేదు, కావాలనే పెట్టలేదు.

బ్యాంకు భద్రత గురించి ఒక మాట. ఒక బ్యాంకులో ఒక మనిషి డిపాజిట్లకు, వడ్డీతో కలిపి, 5 లక్షల దాకా బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. ఊళ్లో బోర్డు పెట్టుకుని డిపాజిట్లు తీసుకునే పరస్పర సహాయ సొసైటీలకు ఈ బీమా వర్తించదు. అర శాతం ఎక్కువ వస్తుందని అక్కడ పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

బీమా: రెట్టింపు వచ్చిందనే సంబరం

మీ జీతం మీద ఇంకొకరు బతుకుతుంటే టర్మ్ పాలసీ తీసుకోండి. ఏటా ప్రీమియం కడతారు, బతికుంటే ఏమీ రాదు, పోతే ఇంటికి 50 లక్షలో కోటో వస్తుంది. “ఏమీ రాదు” అనే మాట దగ్గరే మనవాళ్లు ఆగిపోతారు. స్కూటర్ ఇన్సూరెన్స్ కట్టి యాక్సిడెంట్ అవ్వలేదని ఎవరూ బాధపడరు కదా. మీరు పనిచేసే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే, ఉద్యోగం మారే నెలలో అది ఉండదు. సొంతది ఒకటి ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు, అంత మేర భారం తగ్గింది.

డబ్బు వెనక్కొచ్చే పాలసీల సంగతి లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 30,000 చొప్పున 20 ఏళ్లు కట్టారు, మొత్తం 6 లక్షలు. చివర్లో 11 లక్షలు చేతికొచ్చాయి. “దాదాపు రెట్టింపు!” అని స్వీట్లు పంచుతారు. లెక్క కట్టి చూస్తే అది ఏడాదికి ఐదున్నర శాతం, మన భాషలో 46 పైసల వడ్డీ. పోస్టాఫీసు కంటే తక్కువ. పైగా నాలుగో ఏట కట్టలేక సరెండర్ చేస్తే కట్టినదంతా కూడా రాదు. ఇలాంటి పాలసీ అమ్మడానికి వచ్చేది సాధారణంగా బాబాయో పెద్దనాన్న కొడుకో అయ్యుంటాడు, మొహమాటం. నేనైతే “టర్మ్ పాలసీ ఇవ్వు, వెంటనే తీసుకుంటా” అంటాను. సంభాషణ అక్కడితో ఆగిపోతుంది, బంధుత్వం మిగులుతుంది.

“పన్ను మిగులుతుంది” అనే మాట కూడా ఇప్పుడు చాలామందికి వర్తించదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు జీతం మీద పన్ను పడదు. ఆ విధానంలో పాలసీలు, పీపీఎఫ్ లాంటి వాటికి ఇచ్చే 80సి మినహాయింపే లేదు. మా వాడి జీతానికి పన్ను కోసం ఏదీ కొనాల్సిన పని లేదు.

ఏ డబ్బు ఎప్పుడు కావాలి

కాగితం మీద మూడు గీతలు గీశాం. మూడేళ్లలోపు కావలసినది, మూడు నుంచి ఏడేళ్లలో కావలసినది, ఏడేళ్లు దాటాక కావలసినది. చెల్లెలి పెళ్లికి సాయం రెండేళ్లలో, కాబట్టి అది రికరింగ్ డిపాజిట్‌లోనే. ఎంత ఆశ పుట్టినా షేర్ల జోలికి పోకూడదు. మధ్య గడిలో వాడికి ఏమీ లేదు. ఇంటి కోసం, వయసు మీద పడ్డాక కోసం అన్నవి మూడో గడిలోకి వెళ్లాయి. మార్కెట్‌లోకి వెళ్లేది ఆ మూడో గడి డబ్బు మాత్రమే.

ఆ గడిలోనూ కొంత భాగం అసలు కదలని చోట ఉండాలి. మొదటిది మీకు తెలియకుండానే నడుస్తోంది, ప్రావిడెంట్ ఫండ్. మీ మూల వేతనంలో 12 శాతం అందులో పడుతుంది, 8.25 శాతం వడ్డీ, అంటే 69 పైసలు. ఇంత భద్రంగా ఇంత వడ్డీ ఇచ్చేది ఇంకొకటి చూపించడం కష్టం. మన ఫార్మా, ఫ్యాబ్రికేషన్ కుర్రాళ్లు చేసేదేమిటంటే, కంపెనీ మారినప్పుడల్లా పీఎఫ్ డ్రా చేసేసి బైకు మారుస్తారు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడచ్చు. యూఏఎన్ అనే పీఎఫ్ నంబర్ ఒకటే ఉంచి కొత్త కంపెనీకి బదిలీ పెట్టుకోండి.

రెండోది పీపీఎఫ్. ఏడాదికి కనీసం 500, గరిష్ఠంగా లక్షన్నర, 15 ఏళ్లు. వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది, 2020 ఏప్రిల్ నుంచి మాత్రం 7.1 దగ్గరే ఉంది. వచ్చేదాని మీద పన్ను లేదు. ఒక చిన్న కిటుకు: నెలలో ఐదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న కనిష్ఠ మొత్తం మీదే ఆ నెల వడ్డీ కడతారు. ఆరో తారీఖున వేస్తే ఆ నెల ఊరికే పోయినట్టే. పదేళ్లలోపు ఆడపిల్ల ఉన్న ఇంటికైతే సుకన్య సమృద్ధి, 8.2 శాతం. దానికి వాదన అక్కర్లేదు, పోస్టాఫీసుకు వెళ్లడమే.

మ్యూచువల్ ఫండ్: కాగితాల నుంచి మొదటి వాయిదా దాకా

మ్యూచువల్ ఫండ్ అంటే చాలామంది డబ్బు పోగుచేసి షేర్లలాంటి వాటిలో పెట్టేది. దాని గురించి మా వాడికి ఇలా చెప్పాను. ఫిషింగ్ హార్బర్‌లో నువ్వు ఒక్క బోటు మీద లక్ష పెట్టావనుకో. వల నిండితే పండగ, ఇంజన్ చెడితే గోవిందా. అదే లక్షని 50 పెద్ద బోట్లలో తలా కొంచెం పెడితే? కొన్ని ఖాళీగా వస్తాయి, కొన్ని నిండుగా వస్తాయి, మొత్తం మీద నువ్వు నిలబడతావు. నిఫ్టీ 50 అంటే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలోని 50 పెద్ద కంపెనీల సూచీ. ఆ యాభై కంపెనీలనూ అదే నిష్పత్తిలో కొని పెట్టుకునేది నిఫ్టీ ఇండెక్స్ ఫండ్. ఏ కంపెనీ బాగుంటుందో ఎవరూ తెలివి వాడి ఎంచరు కాబట్టి ఖర్చు తక్కువ. కొత్తవాళ్లకు మొదటి ఫండ్‌గా నేను చెప్పేది ఇదొక్కటే. రెండో ఫండ్ గురించి రెండేళ్ల తర్వాత ఆలోచించచ్చు.

ముందుగా కావలసినవి పాన్, ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా. వినడానికి సులువే, కానీ మన తెలుగువాళ్లకు ఇక్కడే చుక్కలు కనిపిస్తాయి, ఇంటిపేరు వల్ల. మా వాడికి పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, చివర్లో ఉంది. ఆధార్‌లో ఒక్క అక్షరం, ముందు ఉంది. బ్యాంకులో ఇంటిపేరే లేదు. కేవైసీ రెండుసార్లు తిరిగొచ్చింది. చివరికి ఆధార్ సెంటర్‌కు పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకెళ్లి పేరు మార్పించుకుని, పాన్, బ్యాంకు దానికి సరిపెట్టుకున్నాక పని అయింది. మీరు మొదలుపెట్టేముందే ఈ మూడింటినీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. నెల రోజులు ఆదా అవుతుంది.

కేవైసీ ఒక్కసారి పూర్తయితే అన్ని ఫండ్ కంపెనీలకూ అదే చెల్లుతుంది. ‘వాలిడేటెడ్’ అని చూపిస్తే ఇంకెక్కడా అడ్డు ఉండదు. ఇప్పుడు ఫండ్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో గానీ, ఫండ్లన్నిటికీ ఉమ్మడి సైటైన ఎంఎఫ్ సెంట్రల్‌లో గానీ ఖాతా తెరవచ్చు. ఫండ్ పేరు పక్కన రెండు మాటలు జాగ్రత్తగా చదవండి: ‘డైరెక్ట్’, ‘గ్రోత్’. గ్రోత్ అంటే లాభాన్ని మధ్యలో పంచకుండా ఫండ్‌లోనే పెరగనిచ్చేది. డైరెక్ట్ అంటే మధ్యలో ఏజెంట్ కమీషన్ లేనిది. 2013 జనవరి నుంచి ఈ డైరెక్ట్ సదుపాయం ఉంది. ‘రెగ్యులర్’లో ఆ కమీషన్ ఏటా మీ డబ్బులోంచే పోతుంది. ఒక శాతమే కదా అనిపిస్తుంది. నెలకు 5,000 చొప్పున 20 ఏళ్లకు, 11 శాతం వస్తే 43.7 లక్షలు, 10 శాతం వస్తే 38.3 లక్షలు. తేడా 5 లక్షల పైమాటే.

అయితే ఇందులో నా అభిప్రాయం కొంచెం వేరుగా ఉంటుంది. మార్కెట్ కూలినప్పుడు ఫోన్ చేసి “అమ్మొద్దండీ” అని మందలించే మంచి ఏజెంట్ ఉంటే, మీకు సొంతంగా నిలబడే ధైర్యం లేకపోతే, ఆ కమీషన్ ఇచ్చినా తప్పు లేదు. అలాంటివాళ్లు తక్కువ, అంతే.

ఇండెక్స్ ఫండ్లలో ఏది అంటే, ఫండ్ ఏటా తీసుకునే ఖర్చు శాతం, అంటే ఎక్స్‌పెన్స్ రేషియో, తక్కువ ఉన్నది, సూచీ వెనకే అతుక్కుని నడుస్తున్నది. అన్నీ అవే యాభై కంపెనీలు కొంటాయి, కాబట్టి గత ఏడాది ఎవరిది ఎంత పెరిగిందనే పట్టిక చూసి బుర్ర పాడుచేసుకోవద్దు.

సిప్ తారీఖు జీతం పడ్డాక నాలుగైదు రోజులకు పెట్టుకోండి. ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగిపోతే బ్యాంకు పెనాల్టీ వేస్తుంది. ఆటో డెబిట్ అనుమతి అడుగుతారు, పరిమితి కాస్త ఎక్కువ పెట్టుకుంటే రేపు సిప్ పెంచడానికి మళ్లీ మొదట్నుంచీ రానక్కర్లేదు. నామినీ పేరు ఇప్పుడే రాయండి.

ఎంత వస్తుంది? నెలకు 5,000, 15 ఏళ్లు, ఏడాదికి 10 శాతం వచ్చిందనుకుంటే 9 లక్షలు పెట్టినది 20.9 లక్షలవుతుంది. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఆ 20.9 లక్షలకు అప్పుడు వచ్చే సరుకు ఇవాళ 8.7 లక్షలకు వచ్చేంతే. ఈ మాట విని మా వాడు నీరసపడిపోయాడు. మరి 54 పైసల డిపాజిట్‌లోనే ఉంచితే ఏం మిగులుతుందో కూడా కట్టి చూపించమన్నాడు, కట్టాక ఇంకా నీరసపడ్డాడు.

అమ్మినప్పుడు పన్ను: ఏడాది దాటాక అమ్మితే, ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా పాతిక వేల లాభం దాకా పన్ను లేదు, ఆపైన పన్నెండున్నర శాతం. ఏడాదిలోపే అమ్మితే లాభం మీద 20 శాతం.

పడినప్పుడు

2020 జనవరిలో నిఫ్టీ 12,400 దగ్గర ఉంది. కరోనా వార్తలతో మార్చి 23కి 7,600 దగ్గర పడింది. అప్పటికి నేను సిప్ మొదలుపెట్టి ఆరేళ్లు. లక్షా ఎనభై వేల లాభం ఆవిరైపోయి, పెట్టిన అసలులో కూడా కొంత తగ్గి కనిపించింది. రోజుకు పదిసార్లు యాప్ చూశాను, నిద్ర లేదు. ఆ నెలాఖరులో సిప్ ఆపేశాను. నవంబర్‌కల్లా నిఫ్టీ పాత గరిష్ఠాన్ని దాటేసింది. చౌకగా కొనాల్సిన ఎనిమిది నెలలూ నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాను, ధర మళ్లీ పెరిగాక మొదలుపెట్టాను. పదేళ్ల పిల్లాడికి కూడా తెలిసే తప్పు, నేను చేసేశాను.

అన్నిసార్లూ ఎనిమిది నెలల్లో తిరిగి రాదు. 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 చూసి, అదే ఏడాది అక్టోబర్‌కు 8,500 దాకా జారింది. మళ్లీ 21,000 తాకడానికి 2010 నవంబర్ వచ్చింది. ఏడేళ్ల గడి అని ముందు గీత గీసింది ఇందుకే.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, పైసా రాదు. ఆదాయం లేదని ఎవరూ బోటు అమ్ముకోరు. వలలు బాగుచేసుకుంటారు, రంగు వేసుకుంటారు, ఇల్లు గడవడానికి వేరే దారి చూసుకుంటారు. మార్కెట్ పడ్డప్పుడు మీకు ఆ ‘వేరే దారి’ హుద్‌హుద్ డబ్బే. అది లేనివాళ్లే 2020లో, ఉద్యోగం పోయిన నెలలోనే, ఫండ్‌లో తమ వాటాలు, అంటే యూనిట్లు, అమ్ముకున్నారు.

చీటీ, బంగారం, స్థలం

ఈ మూడింటి గురించి చెప్పకపోతే మా అక్క ఊరుకోదు.

చీటీ లెక్క: లక్ష చీటీ, 20 మంది, 20 నెలలు, నెలకు 5,000. ఈ నెల ఒకాయన 25,000 తగ్గించి పాడుకున్నాడు. అందులో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోను మిగిలిన 20,000 ఇరవై మందికీ పంచితే తలా వెయ్యి. ఆ నెల మీరు 4,000 కడితే చాలు. ముందు నెలల్లో పాట ఎక్కువ, పోనుపోను తగ్గుతుంది. చివరిదాకా ఆగినవాడు మొత్తం 84,000 కట్టి 95,000 తీసుకుంటే, అది ఏడాదికి 15 శాతం చుట్టుపక్కల, రూపాయి పావు వడ్డీ. కాగితం మీద ఫండ్ కంటే బాగుంది. మొదట్లోనే పాడుకున్నవాడు మాత్రం అప్పు తెచ్చుకున్నట్టే.

లోపం లెక్కలో ఉండదు, పుస్తకం ఎవరి చేతిలో ఉందనే దాంట్లో ఉంటుంది. మా పాత కాలనీలో చీటీలు వేసే ఆవిడ పద్దెనిమిదో నెలలో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. నావి 60,000 పోయాయి. రసీదంటే ఆవిడ రాసిన చిన్న పుస్తకమే. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రతి చీటీనీ చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి. ఆ నంబర్ చూపించలేనివాళ్ల దగ్గర, పక్కింటి పిన్నిగారైనా సరే, వెయ్యకండి.

బంగారం కురుపాం మార్కెట్‌లో నగగా కొంటే 3 శాతం జీఎస్టీ, తరుగు, మజూరీ. అమ్మేటప్పుడు తరుగూ మజూరీ ఎవరూ తిరిగివ్వరు. ధర అంత పెరిగాకే మీ అసలు మీకు వస్తుంది. వేసుకోవడానికి కొనుక్కోండి, అదొక సంతోషం. పెట్టుబడికే అయితే గోల్డ్ ఈటీఎఫ్, అంటే షేర్లలా కొనుక్కునే బంగారం ఫండ్, నయం. ప్రభుత్వ బంగారు బాండ్లు 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి రాలేదు.

స్థలం సంగతి విశాఖలో చెప్పేదేముంది. “మధురవాడలో అప్పుడు కొనుంటే” అనే మాట లేని భోజనాల బంతి ఉండదు. అప్పుడు కొని వివాదంలో ఇరుక్కున్నవాళ్లు బంతిలో మాట్లాడరు, అందుకే మనకు లాభాలే వినిపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు స్థలం వద్దనడానికి నా కారణం ఒక్కటే: ఆసుపత్రి బిల్లుకు 200 గజాల్లో పది గజాలు అమ్మలేరు. రిజిస్ట్రేషన్‌కే ఏడున్నర శాతం పోతుంది. ఎప్పుడైనా కొనేరోజు వస్తే, భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి చూపించే రంగుల బ్రోచర్ పక్కన పెట్టి, విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఏపీ రెరా ఇచ్చిన నంబర్, ఆ స్థలం మీద పాత లావాదేవీలు చూపించే ఈసీ, ఆ సర్వే నంబర్ రిజిస్ట్రేషన్‌కు వీల్లేని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా లేదా, ఈ నాలుగూ చూడండి. ‘ప్రీ లాంచ్’ అంటే అనుమతి రాకముందే మీ డబ్బుతో వాళ్లు వ్యాపారం చేయడం.

ఐదు రూపాయల వడ్డీ ఇస్తామనేవాళ్లు

మా వాడు చివర్లో మెల్లగా ఫోన్ చూపించాడు. ఒక టెలిగ్రామ్ గ్రూపు, నెలకు 5 శాతం గ్యారంటీ అట. “అంటే ఎన్ని రూపాయల వడ్డీరా?” అన్నాను. లెక్క వాడే కట్టుకున్నాడు, ఐదు రూపాయలు, ఏడాదికి 60 శాతం. అంత సంపాదించగలిగినవాడు బ్యాంకులో ఎనభై పైసలకు గోల్డ్ లోన్ తీసుకుని సొంతంగా పెట్టుకుంటాడు గానీ, పరవాడ కుర్రాడి 20,000 కోసం రాత్రి పదకొండింటికి మెసేజ్‌లు పెట్టడు. జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని తిరిగివ్వలేకపోయిన అగ్రిగోల్డ్ కంపెనీ డిపాజిటర్ల కష్టాలు మన జిల్లాల్లో ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

సలహా ఇచ్చేవాళ్లకు, బ్రోకర్లకు మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, సెబీ వెబ్‌సైట్‌లో వెతికితే కనిపించాలి. డబ్బు ఎప్పుడూ వ్యక్తి పేరున్న ఖాతాకు పంపొద్దు. మోసపోయామని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితేనే డబ్బును మధ్యలో ఆపే అవకాశం ఎక్కువ.

మోసం కాకపోయినా అంతే ప్రమాదమైనది ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ పేరుతో ధర ఎటు కదులుతుందోనని వేసే పందెం లాంటి వ్యాపారం. 2024 సెప్టెంబర్‌లో సెబీ బయటపెట్టిన లెక్కలో, 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో, అందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మనిషికి సగటున దాదాపు 2 లక్షలు. మధురవాడ ఐటీ కంపెనీల క్యాంటీన్లలో మిగతా ఏడు శాతమే కూర్చుంటారో ఏమో, నాకు తగిలిన ప్రతివాడూ లాభంలోనే ఉన్నానంటాడు.

ఏడాదికోసారి

ఉగాది పూట పచ్చడి తిన్నాక అరగంట చాలు. జీతం పెరిగితే సిప్ కూడా అంత శాతం పెంచండి. హుద్‌హుద్ డబ్బులో వాడింది ఉంటే ముందు అది నింపండి. ఖాతాలు, ఫండ్ ఖాతాల ఫోలియో నంబర్లు, పాలసీలు, నామినీలు ఒక నోటు పుస్తకంలో రాసి, అది ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పండి. పాస్‌వర్డ్‌లు అందులో రాయొద్దు.

మా వాడి 500 సిప్ మొన్న ఏడో తారీఖున మొదలైంది. సాయంత్రం షిఫ్టు దిగాక ఫోన్ చేశాడు. స్టేట్‌మెంట్ వచ్చిందట, 500 కట్టాడు గానీ యూనిట్లు 499.98 రూపాయలకే ఇచ్చారట.

“ఏటి మావయ్యా, మొదటి రోజే రెండు పైసలు కొట్టేశారు?”

అది స్టాంప్ డ్యూటీ, నూటికి అర పైసా, 2020 జూలై నుంచి అందరికీ పడుతోందని చెప్పాను. రెండు పైసలు ఎటు పోయాయో అడుగుతున్నాడు, నాలుగు వారాల కిందటి దాకా కార్డుకు నెలకు 630 కట్టినవాడు.